లక్ష్మీరూపుకి గ్రేడు

గణపతిరావు ముక్కు గురించి విజయనగరంలో చాలా కథలున్నాయి. వాటిలో సగం ఆయన చెప్పినవే.

జూట్ మిల్లులో ఉన్నన్నాళ్లూ ఆయన గోగునారకి గ్రేడు వేసేవాడు. కట్ట విప్పి, నాలుగు పోగులు తీసి, రెండు చేతులా లాగి, మొదలు చూసి, చివర చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "మూడో రకం. ఆ మూల పడీ" అనేవాడు. బరువు తూగాలని నారమీద నీళ్లు చిలకరించి తెచ్చిన రైతు ఆయన ముందు నిలబడితే నారతోపాటు చొక్కా కూడా తడిసిపోయేది. ఓసారి గరివిడి రైలుగేటు దగ్గర ఆగిన లారీలో నార తడిసిందని విజయనగరంలో కుర్చీలోంచి లేవకుండా చెప్పేశాడట. గేటు ఎత్తేలోగా ఆ లారీ వెనక్కి తిరిగిపోయిందట. నమ్మనివాళ్లు వెళ్లి చూసుకోవచ్చు, గేటు ఇంకా అక్కడే ఉంది.

రిటైరయ్యాక ఆ చేతికి పని లేక తిన్నది అరగలేదు. పాత నాణేలు పట్టుకున్నాడు. పెరట్లో గొయ్యి తవ్వితే దొరికిందనో, అమ్మమ్మ పెట్టెలో ఉందనో ఎవరు ఏ బిళ్ల తెచ్చినా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఏ రాజుదో, ఎంత అరిగిందో, ఏ గ్రేడులో వస్తుందో చెప్పి పంపేవాడు. పైసా పుచ్చుకోడు. ఒకటే షరతు. వేసిన గ్రేడు మార్చమని అడక్కూడదు. నారకైనా నాణేనికైనా ఒకసారి తన నోటినించి వచ్చిన గ్రేడు మళ్లీ నోట్లోకి వెళ్లలేదని ఆయన చెప్పుకునేవాడు. అది మాత్రం నిజమే.

నోట్లు రద్దయిన మరుసటి శ్రావణంలో, ఓ ఆదివారం పొద్దున్నే సాలూరు నించి ఆయన చెల్లెలు కన్యాకుమారీ, ఆవిడ భర్త గోవిందరావూ బస్సు దిగి వచ్చారు. గోవిందరావుకి సాలూరులో లారీల విడిభాగాల కొట్టు. చొక్కా ఎంత ఉతికినా గ్రీజు వాసన పోదు. ఆ రోజు ఆయన ముఖం ఎందుకో కొత్త బేరింగులా మెరుస్తోంది.

"రా బావ, కూకో. ఏటీ, పొద్దున్నే మీ ఊరి లారీలన్నీ ఎల్లిపోయేయా, నిన్నొక్కణ్ణే ఒగ్గీసి?" అన్నాడు గణపతిరావు.

"ఎటకారం తరవాత. ముందిది సూడు," అని గోవిందరావు చొక్కా జేబులోంచి చిన్న అట్టపెట్టె తీశాడు. బేరింగులు వచ్చే పెట్టె. దానిలో గోధుమరంగు నూనెకాగితం. ఆ కాగితం మడతలు విప్పితే వెండిబిళ్ల ఒకటి, అంచులు గుండ్రంగా కాక కాస్త వంకరగా, బల్లమీద పడింది.

"నూనెకాగితంలో సుట్టొద్దన్నాను, ఇన్నారు కాదు," అంది కన్యాకుమారి గుమ్మం దగ్గరే నిలబడి.

అది ఆ ఇంటి లక్ష్మీరూపు. గోవిందరావు తల్లి బతికున్నన్నాళ్లూ శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి కలశం ముందు పెట్టి పూజ చేసేది. పోయేముందు కోడలి చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో అది ఆడవాళ్ల చేతుల మీదుగా నడిచే వస్తువు. మగవాళ్లు దూరంనించి దండం పెట్టి బూరెలు తినడంతో వాళ్ల భాగం పూర్తయ్యేది. అందుకే గణపతిరావు కూడా దాన్ని ఇంత దగ్గరగా చూడ్డం ఇదే మొదలు.

"ఫోన్లో ఒక వీడియో వచ్చింది బావ. అందులోవోడు ఇలాటిదే సూపించి రోము నాణెవన్నాడు. పట్నంలో ఒక ఆఫీసుందట. గ్రేడు కట్టి, ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి సీలేసి ఇస్తారట. ఆ సీలుంటే ఎక్కడైనా కొంటారట. అక్కడికి పంపే ముందు నువ్వు సూసి సెప్పు. నీ గ్రేడు బాగుంటే పంపీడవే."

"పంపీసి?"

గోవిందరావు గొంతు తగ్గించాడు. ఇరవై ఏళ్లుగా పక్కవాళ్ల లారీలకి బోల్టులమ్మిన మనిషి. "ఒక లారీ సూసేను. పాతదే గానీ ఇంజిను బంగారం. మనదని సెప్పుకోడానికి ఒక్క బండి బావ. ఒక్కటి."

కన్యాకుమారి గోడమీద కేలండరు వైపు చూస్తూ, ఎవరికీ కాకుండా, "వ్రతం ఈ శుక్రవారవే," అని లోపలికి వెళ్లిపోయింది. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

గణపతిరావు చేతులు కడుక్కుని, తుడుచుకుని, బల్లమీద తువ్వాలు నాలుగు మడతలు వేసి పరిచాడు. బిళ్లని రెండు వేళ్లతో అంచులే పట్టుకుని ఎత్తాడు. ముక్కు దగ్గర పెట్టుకోబోయి, గ్రీజు ఘాటు తగిలి, "నీ కొట్టు నాణెంలోకి కూడా ఎక్కీసింది బావ" అని దించేశాడు. చిన్న కాటాలో తూచాడు. కంటికి భూతద్దం బిగించి కిటికీ వెలుగులోకి వంగాడు. కంసాలి దగ్గర నగ తెగకొట్టించేటప్పుడు జనం ఎలా ఊపిరి బిగబడతారో అలా బిగబట్టాడు గోవిందరావు.

"కుడివేపు తిరిగిన మొగం. తలమీద ఆకుల దండ. వెనక ముడి, ముడి కొసలు మెడమీదికి పడ్డాయి. ముక్కు సూడు, కొక్కెం లాగ. టి. సీజరు... ఈ పక్క అరిగింది... అగస్టసు కొడుకని రాసుకున్నాడు. టైబీరియసు."

"రాజేనా?"

"రాజా? చక్రవర్తి. ఏసుక్రీస్తు నాటి మనిషి." నాణెం తిప్పాడు. "ఇదిగో మీ లక్ష్మి. కుర్చీమీద కూకుంది. ఒక సేత్తో పొడుగు కర్ర, ఇంకో సేత్తో కొమ్మ. పాంటిఫ్ మాక్సిమ్, అంటే రాజే పెద్ద పూజారని, చుట్టూ రాతుంది. శాంతిదేవతంటారు కొందరు. కాదు రాజుగారి తల్లే అంటారు కొందరు."

"మా యమ్మ లక్ష్మే అనీది."

"మీ యమ్మకి ఇంకో పేరు సెప్పగల మొనగాడు అప్పుడూ నేడు, ఇప్పుడూ నేడు." గణపతిరావు చక్రవర్తి దవడమీద అడ్డంగా ఉన్న గాటు దగ్గర ఆగాడు. "ఇదెవరెట్టేరు?"

"మా ముత్తాత," అన్నాడు గోవిందరావు ఠపీమని. ఆ వంశంలో ఈ నాణెం ఎలా వచ్చిందన్నదానికి మనిషికో కథ ఉంది. గోవిందరావుది ఇదీ: కళింగపట్నం రేవులో రోము ఓడ దిగిన షావుకారు ఒకడు వాళ్ల పూర్వీకుడి ఇంట్లో మిరియాల చారు తాగాడు. తాగి, కళ్లూ ముక్కూ కారుతూంటే, ఇంత అమృతానికి ఊరికే లేవకూడదని విస్తరి కింద నాణెం పెట్టి పోయాడు. పూర్వీకుడు వైశ్యుడు కనక, లోపల రాగి ఉందేమోనని ముందు ఉలితో గాటు పెట్టి చూశాడు, తరవాతే దండం పెట్టాడు.

"ముత్తాతకి రెండువేల ఏళ్లేటి బావ?"

"మా వంశంలో మగాళ్లు గట్టివోళ్లు."

గాటు లోపలికి భూతద్దం పెట్టి చూశాడు గణపతిరావు. అడుగుదాకా వెండే. పైన పూత, లోపల రాగి ఉన్న దొంగనాణెం కాదు. ఇన్నేళ్లలో ఆ బల్లమీదికి వచ్చినవి కుంపిణీ దమ్మిడీలు, నిజాం పైసలు, ఒకటో రెండో శాతవాహనుల సీసం ముక్కలు. రోము నాణెం రావడం ఇదే మొదలు. అదీ తన చెల్లెలి ఇంట్లోంచి.

"మరి ఈ రంగు సూడు," అన్నాడు. గొంతు మారిపోయింది. పెళ్లికూతుర్ని వర్ణించే పెళ్లిళ్ల పేరయ్య గొంతు. "తేనెరంగు. అంచుకి ఎల్లేకొద్దీ ఎర్రజీర. అక్షరాల సందుల్లో నెమలికంఠం. వెండి రెండువేల ఏళ్లు మట్టిలో తొంగుంటే తప్ప ఈ రంగు రాదు. ఇది మనుషులు పట్టించగల రంగు కాదు బావ. దీన్ని రోము రంగంటారు."

అలా అంటారని ఆయనకి ఎవరూ చెప్పలేదు. అప్పుడే పుట్టిందా మాట.

మంచినీళ్ల గ్లాసులు తెచ్చిన కన్యాకుమారి ఆ మాట విని పమిటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లు చిన్నవయ్యాయి. గ్లాసులు బల్లమీద పెట్టి గబగబా వంటింట్లోకి పోయింది. అక్కడ తమలపాకులు తుడుచుకుంటున్న లక్ష్మణమ్మ, గణపతిరావు భార్య, ఆడపడుచు ముఖం చూసి, "ఏటే?" అంది. "ఏటీ నేదొదినా," అంది కన్యాకుమారి. నవ్వు ఆగేసరికి ఆవిడ కళ్లలో నీళ్లు కనిపించాయి. నవ్వుకి వచ్చినవో ఇంకోదానికి వచ్చినవో లక్ష్మణమ్మ తేల్చుకోలేకపోయింది.

హాల్లో గణపతిరావు భూతద్దం తీసి, తీర్పు చెప్పే ముందు జడ్జి కళ్లజోడు సర్దుకున్నట్టు సర్దుకున్నాడు.

"ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్," అన్నాడు. నాణేల లెక్కలో అది దాదాపు పై మెట్టు. "మొగం అరుగుదలకి ఒక మెట్టు తగ్గించాల. రంగుకి ఒక మెట్టు పెంచేను. దీని మీద ఎవడైనా నోరెత్తితే నా దగ్గరికి పంపు."

భోజనాలయ్యాయి. గోవిందరావు లారీ రంగు గురించీ, వెనక రాయించాల్సిన పేరు గురించీ మాట్లాడుతూనే ఉన్నాడు. బస్సుకి బయల్దేరేముందు కన్యాకుమారి కిటికీ దగ్గర నిలబడి బల్లమీది నాణెం వైపు చూసింది.

"అన్నయ్యా, శుక్రవారానికి ఇంట్లో ఉంటాదా?"

"బుధవారం కొరియర్ కట్టీమన్నాడు మీ ఆయన. ఏటి సెయ్యను కన్యా, గ్రేడడిగేడు. ఉన్నది సెప్పేను."

ఆవిడ ఏదో అనబోయి, వీధిలో చెప్పులు తొడుక్కుంటున్న భర్త వైపు ఓసారి చూసి, "నువ్వు సెప్పేక ఇంకేటుందిలే," అని చెంపలేసుకుని, నాణేనికి దండం పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు సంగీతం మాస్టారు అనంతపద్మనాభం వచ్చాడు. కాలేజీలో గాత్రం చెప్పి రిటైరయినవాడు, నాణేల పిచ్చిలో గణపతిరావుకి జోడీ. ఆయన పద్ధతి వేరు. కంటితో చూడడు. నాణేన్ని వేలికొన మీద నిలబెట్టి గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంటాడు. మంచి వెండి షడ్జమం పలుకుతుందట. కల్తీ కలిసిన కొద్దీ శ్రుతి దిగుతుందట. దొంగ రూపాయి ఒకటి ఆయన చెవిలో ఏకంగా అపస్వరం పాడిందని, ఆయన దాన్ని బెంచీ ఎక్కించాడని చెప్పుకుంటారు.

రోము నాణేన్ని మీటి, కళ్లు మూసుకుని, మళ్లీ మీటాడు.

"వెండి మంచిదేనండీ. కానీ గొంతు మూసుకుపోయింది. పడిశం పట్టినట్టుంది."

"అంత సముద్రం మీద ఒచ్చింది మాస్టారూ, పడిశం పట్టదేటి?"

"పరిహాసం కాదు గణపతిరావుగారూ. దేన్నో కప్పుకుని పలుకుతున్నట్టుంది."

"అదే రోము రంగు," అన్నాడు గణపతిరావు. "రెండువేల ఏళ్ల దుప్పటి."

మాస్టారు వాదించలేదు. కాఫీ తాగి, నాణేనికి మర్యాదగా చెయ్యెత్తి దండం పెట్టి వెళ్లాడు.

మంగళవారం భోజనం అయ్యాక గణపతిరావు పార్సిలు కట్టడానికి కూర్చున్నాడు. దూది, అట్టముక్కలు, జిగురు టేపు. చిన్న కార్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాజు పేరు, బరువు, గ్రేడు రాశాడు. గ్రేడు కింద గీత కూడా గీశాడు. పక్కనే చాపమీద లక్ష్మణమ్మ కాళ్లు జాపుకుని కిళ్లీ చుట్టుకుంటోంది. ఆకు ఈనె తీసి, తొడమీద పరిచి, చూపుడువేలితో సున్నం రాస్తూ ఆగింది.

"ఏదీ, ఓసారిలా ఇయ్యండి. మా ఆడపడుచు లచ్చిమి ఊరెల్తన్నాది. కళ్లకద్దుకుంటాను."

"అంచులు పట్టుకోవాల... ఆగు, సెయ్యి కడు..."

ఆయన మాట పూర్తయ్యేలోగా ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ నాణెం మీద పడ్డాయి. కళ్లకద్దుకోవడమూ అయింది. గణపతిరావు పెట్టిన కేకకి వీధిలో పోతున్న దాలయ్య, కొబ్బరికాయల బండి తోసుకునేవాడు, బండి ఆపి కిటికీలోంచి తొంగిచూశాడు.

"సున్నం! సున్నం సేత్తో పట్టుకుంటారేటే! వెండే అది, రోము వెండి!"

"ఓలమ్మ, ఇంత సున్నానికి రాజుగారి మొగం కాలిపోద్దేటి? తుడిసిస్తాను ఉండండి," అని ఆవిడ చీరచెంగుతో అంచు తుడవబోయి, "ఏటండీ ఇదీ?" అంది.

సున్నం తగిలిన మేర నాణెం అంచు ఎర్రబడుతోంది. ముందు లేతగా, తరవాత చిక్కగా. రక్తం కాదు. కుంకుమ కాదు. ఈ దేశంలో పుట్టిన ప్రతి బిడ్డా గుమ్మంలో నిలబడి చూసిన ఎరుపు అది.

గణపతిరావు ఆ ఎరుపునీ, భార్య వేలినీ మార్చి మార్చి చూశాడు.

లక్ష్మణమ్మ నెమ్మదిగా కిళ్లీ మడిచింది. "పిల్లలకి దిష్టి తీసినప్పుడు ఎర్రనీళ్లలో ఏటి కలుపుతారండీ?"

"...పసుపూ, సున్నం."

"సున్నం నా ఏలిది. మరి పసుపెవరిది? రోములో రాజుగారు నలుగెట్టుకున్నాడేటి?"

కిటికీ దగ్గర దాలయ్య ఇదేమీ అర్థం కాకపోయినా నవ్వాడు. గణపతిరావు నాణేన్ని తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రెండు రోజుల్లో నూనెకాగితం ఘాటు ఎగిరిపోయింది. దాని అడుగునించి ఒక్కొక్కటే లేచాయి: కర్పూరం, గంధం, నేతిదీపం మసి, ఎప్పటిదో సాంబ్రాణి. కళ్లు మూసుకుంటే చెల్లెలి ఇంట్లో దేవుడి అలమర తలుపు తీసినట్టుంది.

తేనెరంగు పసుపుది. ఎర్రజీర గంధంలో కలిసిన కుంకుమది. నెమలికంఠం హారతి మసిది. ఎన్ని శ్రావణాలు కలిస్తే ఇంత పొర కడుతుంది? అత్తగారి చేతిదీ, కోడలి చేతిదీ. ఏడాదికో పూత. అక్షరాలు అంత స్పష్టంగా లేచి కనబడ్డది కూడా సందుల్లో ఆ పూత నిలబడబట్టే. దాని కింద వెండి ఎలా ఉందో, మొగం ఎంత అరిగిందో ఆయన చూడనే లేదు. చూడనిదానికి గ్రేడు వేశాడు. పైగా రంగుకి ఒక మెట్టు పెంచాడు.

"ఆదివారం మీ సెల్లెలు నోటికి కొంగడ్డవెట్టుకున్నప్పుడే అనుకున్నాను," అంది లక్ష్మణమ్మ. ఈసారి గొంతులో ఎగతాళి లేదు. "దానికి తెల్సు."

"తెల్సీ సెప్పనేదేటి? సెప్తే నాణెం పోయీది కాదు కదా."

"మరే. సెప్తే నాణెం పోయీది కాదు."

ఆ మాటలో మిగతా సగం ఏమిటో ఆయనకి తట్టడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా లక్ష్మణమ్మ ఇంకో దారి చూపించింది. "కొరియరోడు రానేదని సెప్పీండి. శుక్రవారం వ్రతం అయిపోతాది. తరవాత ఎప్పుడో పంపితే దారిలో పోయిందనీసి, గుట్టుగా దాని సేతికిచ్చీండి. మీ గ్రేడూ ఉంటాది, దాని లచ్చిమీ ఉంటాది."

సుఖమైన దారే. గణపతిరావు కార్డు మీద తను గీసిన గీతని చూస్తూ సాయంత్రం దాకా కూర్చున్నాడు. తడినార తెచ్చిన రైతులు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్లు కూడా సుఖమైన దారిలోనే వచ్చేవాళ్లు. అప్పుడు వాళ్లని ఏమనేవాడో అన్నీ గుర్తొచ్చాయి. చివరికి కార్డు చింపి, నాణేన్ని శుభ్రమైన పట్టుగుడ్డ ముక్కలో చుట్టి, బుధవారం పొద్దున్న కొరియర్ ఆఫీసు ముందునించే నడిచి వెళ్లి సాలూరు బస్సెక్కాడు.

గోవిందరావు కొట్టు ముందు ఒక లారీ చక్రం విప్పి ఉంది. డ్రైవర్లు ఇద్దరు బల్లమీద కూర్చుని టీ తాగుతున్నారు. కౌంటరు వెనక గోవిందరావు చెక్కపెట్టె లోంచి బేరింగు తీసి, వేలు దూర్చి తిప్పుతూ, చెవి దగ్గర పెట్టుకుని దాని రొద వింటున్నాడు.

"ఏటి బావ! కొరియర్ కట్టీసేవా?"

ఇంటికి వెళ్లి చెప్పొచ్చు. పక్కకి పిలిచి చెప్పొచ్చు. గణపతిరావు కొట్టు మధ్యలో నిలబడి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"కట్టనేదు. నా గ్రేడు తప్పు. రోము రంగన్నాను కదా, అది రోముది కాదు. మీ యమ్మా, మా కన్యా పూసిన పసుపు."

గోవిందరావు చేతిలో బేరింగు తిరగడం ఆగింది. అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన ముఖంలో లారీ వెళ్లిపోతున్నట్టు కనపడింది. ఆ వెనకే ఇంకోటి వచ్చింది. బావలకి జన్మకోసారి దొరికే అవకాశం.

"పసుపుకి... పసుపుకి ఎక్స్‌ట్రీమ్లీ ఫైనా బావ!"

కౌంటరు మీద తల ఆనించి నవ్వాడు. పెట్టెల మీద చేత్తో కొట్టి నవ్వాడు. "గరివిడిలో తడి ఇజీనారంలో తెలిసిపోద్దన్నావు! ముక్కు కింద పసుపు తెలీనేదా!" డ్రైవర్లకి మొదటినించి చెప్పి మళ్లీ నవ్వాడు. ఆ లారీ చక్రం బిగించుకుని కొండెక్కి రాయపూర్ వెళ్లింది. అది చేరేలోగానే అక్కడ ఒక డాబా హోటల్లో ఈ కథ చెప్పుకుంటున్నారని తరవాత తెలిసింది. రాయపూర్ కథలో గణపతిరావు నాణేన్ని నాకి చూశాడు.

గణపతిరావు నిలబడే ఉన్నాడు. అంత నవ్వు తన మీద కురిస్తే ప్రాణం పోతుందనుకున్నాడు ఇన్నాళ్లూ. పోలేదు. పైగా ఎక్కడో కాస్త తేలికగా కూడా ఉంది.

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని గోవిందరావు, "అయితే అసలు గ్రేడేటి?" అన్నాడు.

"కడిగితే తెలుస్తాది."

"కడిగీ మరి!"

ఇద్దరూ ఇంటికి వెళ్లారు. కన్యాకుమారి పెరట్లో పీటమీద కూర్చుని వ్రతానికి కలశం చెంబు తోముతోంది. చింతపండు గుజ్జు, పొయ్యి బూడిద, కొబ్బరిపీచు. చెంబు మెడ చుట్టూ వేళ్లు గుండ్రంగా తిరుగుతున్నాయి. అన్నయ్యని చూసి లేవబోయింది.

"కూకోమ్మా." గణపతిరావు గట్టుమీద కూర్చుని పట్టుగుడ్డ విప్పాడు. అంచున సున్నం ఎరుపు ఇంకా ఉంది. ఆవిడ చూసింది. చూసి, చేతిలో చెంబు కింద పెట్టింది.

"ఒదిన సున్నం సెయ్యేనా?"

"నీకు ముందే తెల్సు కదా?"

కన్యాకుమారి బూడిద చేతులు ఒకదాంతో ఒకటి రుద్దుకుంది.

"సెప్తే నీ లక్ష్మి నీ దగ్గరే ఉండిపోయీది కదే?"

"ఉండీది. నువ్వు భూతద్దం ఎట్టుకుని అంత ముచ్చటగా సెప్తన్నావు. ఈయన నోరు తెరుసుకుని ఇంటన్నారు. అక్కడ నాను పసుపూ అంటే..." ఆవిడ మొగుడి వైపు చూసింది. "ఈయనకి ఒక్క మాట దొరికితే సాలు. ఈ జన్మకి నిన్నొదల్రు."

గోవిందరావు ఇప్పటిదాకా నవ్విన నోటిని ఏం చెయ్యాలో తెలియక చేత్తో తుడుచుకున్నాడు.

"అందుకని లక్ష్మిని పంపీడానికి సిద్ధపడిపోయేవా?" అన్నాడు గణపతిరావు.

"రాత్రి దండవెట్టుకున్నాను. ఎక్కడున్నా లచ్చిమే కదా అని."

బిందెలోంచి నీళ్లు తాగడానికి వచ్చిన కాకి ముగ్గుర్నీ చూసి, వాళ్లు తనని చూడ్డం లేదని తెలుసుకుని, నింపాదిగా తాగి పోయింది.

గోవిందరావే మొదట కదిలాడు. "సరే. జరిగిందేదో జరిగింది. ఇప్పుడు కడిగితే గ్రేడు తెలుస్తాదట. ఇక్కడే చింతపండుంది, బూడిదుంది..."

"అవి కూడవు," అన్నాడు గణపతిరావు అలవాటుగా. "గీతలు పడతాయి. కడిగే పద్ధతి వేరు, అది నాను సేస్తాను. కడిగితే కింద మంచి మొగం రావొచ్చు. అరిగిపోయిన రేకూ రావొచ్చు. కడక్కుండా మాత్రం ఏ ఆఫీసూ గ్రేడియ్యదు."

"అత్తయ్య నీళ్లు తగల్నిచ్చీవారు కాదు," అంది కన్యాకుమారి. అభ్యంతరంలా అనలేదు. ఉన్న సంగతి అన్నట్టు అంది. "పూతమీద పూత ఎయ్యాలి తప్ప తియ్యకూడదనీవారు."

గోవిందరావు నోరు తెరిచాడు. ఏదో ఒకటి తేల్చేయడం ఆయన అలవాటు. కొట్టులో అయినా ఇంట్లో అయినా తేల్చేది ఆయనే. బావ వైపు తిరిగి, "నువ్వేటంటావు?" అన్నాడు.

"నా మాట ఆదివారం ఇన్నావు కదా," అన్నాడు గణపతిరావు. "మళ్లీ అడుగుతావేటి? పూసినోళ్లు ఎదురుగా ఉంటే."

గోవిందరావు పెళ్లాం వైపు తిరిగాడు. తిరిగాడు గానీ ఆ ప్రశ్న ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకి తెలీలేదు. పెళ్లయి ఇన్నేళ్లలో ఆవిణ్ణి 'అన్నం ఉడికిందా', 'గొడుగెక్కడుంది' అని లక్షసార్లు అడిగాడు. ఇది ఆ రకం ప్రశ్న కాదు. బేరింగు చెవి దగ్గర పెట్టుకున్నప్పటిలా తల కాస్త పక్కకి వంచాడు.

"కన్యా... ఏటి సేద్దావంటావు?"

కన్యాకుమారి ఆయన ముఖంలోకి చూసింది. వేళాకోళమేమోనని చూసింది. కాదు. ఆయన నిజంగానే ఆగి ఉన్నాడు. అన్నయ్య కూడా ఆగి ఉన్నాడు. ఇద్దరు పెద్దమనుషులు, ఒకడు గట్టుమీద, ఒకడు గుమ్మంలో, తన నోటివైపు చూస్తున్నారు. ఆవిడ చెంబు మళ్లీ చేతిలోకి తీసుకుని, పీచు చింతపండులో ముంచి, మెడ దగ్గర మిగిలిన నల్లమచ్చ మీద మెల్లగా రుద్దింది.

"శుక్రవారం అవనీండి," అంది. "సెప్తాను."

శుక్రవారం వచ్చింది. అక్కచెల్లెళ్లూ, పేరంటాళ్లూ వచ్చారు. లక్ష్మణమ్మ కూడా వచ్చి తాంబూలంలో సున్నం వద్దంది, అందరూ నవ్వారు. రూపు కలశం ముందు కూర్చుంది. ఈ ఏటి పూత కూడా పడింది. బావలిద్దరూ హాల్లో ముందు బూరెలు, తరవాత పులిహోర, తరవాత మళ్లీ బూరెలు తింటూ, వంటింటి గుమ్మం వైపు ఓ చెవి వేసి ఉంచారు. కన్యాకుమారి వచ్చింది. గ్లాసులు నింపింది. విస్తళ్లు చూసింది. ఇంకో రెండు బూరెలు వేసింది.

"మరి..." అన్నాడు గోవిందరావు.

"ఇంకా శ్రావణం అవనేదు కదండీ," అంది.

శ్రావణం అయింది. వినాయక చవితి వచ్చి వెళ్లింది. గోవిందరావు చూసిన లారీని బొబ్బిలి వాళ్లెవరో కొనుక్కుపోయారు. ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు ఇంకో లారీ చూశాడు. వారానికోసారి, కొట్టు కట్టి వచ్చి కాళ్లు కడుక్కుని, "ఏటి తేల్చేవు?" అని అడిగేవాడు. "ఆలోసిస్తన్నాను," అనేది. అడగ్గా అడగ్గా ఆయనకి అడగడం అలవాటైపోయింది. దసరాకి కొట్టుకి రంగు వెయ్యాలా వద్దా అని అడిగాడు. మేనల్లుడి పెళ్లికి ఏ రోజు బయల్దేరాలని అడిగాడు. కొత్త లారీ ఫోటో ఫోన్లో చూపించి, ఈ ఇంజిను మీద నీ ఉద్దేశం ఏమిటని కూడా అడిగాడు. వాటికన్నిటికీ అప్పటికప్పుడే జవాబు చెప్పేది. ఆ ఇంజిను వద్దంది.

నాణెం సంగతి మాత్రం ఇంకా ఆలోచిస్తూనే ఉంది. ఆలోచనలో పడ్డ మనిషి ముఖం అంత హాయిగా ఉండడం గోవిందరావు మునుపెన్నడూ చూడలేదు.